బగ్గా, ఫీచరా? ముందు చర్మం మీద రెండువేల ఏళ్ళ గందరగోళం

1770 మే నెలలో ఫ్రాన్సు యువరాజుకి పెళ్ళయింది. పెళ్ళికొడుక్కి 15 ఏళ్ళు, పెళ్ళికూతురికి 14. నాలుగేళ్ళ తర్వాత ఆ కుర్రాడే పదహారో లూయీ పేరుతో రాజయ్యాడు. పెళ్ళికూతురు మరీ ఆంత్వానెత్. పెళ్ళయ్యాక ఏడేళ్ళపాటు వాళ్ళ కాపురం సరిగ్గా మొదలే కాలేదు. ఇదే మామూలు ఇంట్లో అయితే వీధిలో నలుగురు చెవులు కొరుక్కుని ఊరుకునేవాళ్ళు. రాజుగారిల్లు కాబట్టి రాయబారులు పనిగట్టుకుని తమ దేశాలకి ఉత్తరాలు రాశారు. రాజ్యానికి వారసుడు కావాలి, రావట్లేదు. ఎందుకు రావట్లేదంటే, అందరి నోళ్ళలో నలిగిన కారణం ఒకటే: రాజుగారి ముందు చర్మం బిగుతుగా ఉంది, వెనక్కి రాదు, కొయ్యాల్సిందే.

డాక్టర్లు చూశారు. 1776 జనవరిలో మోరో అనే సర్జన్ పరీక్ష చేసి ఆపరేషన్ అవసరం లేదన్నాడు. ఈ సంగతి రాణీగారే వియన్నాలో ఉన్న తల్లికి ఉత్తరంలో రాసింది. 1777లో ఆవిడ అన్నగారు రెండో జోసెఫ్ చక్రవర్తి పారిస్ వచ్చి, బావగారితో విడిగా కూర్చుని మాట్లాడి, తమ్ముడికి ఒక ఉత్తరం రాశాడు. దాని సారాంశం ఏమిటంటే, ఇద్దరికీ ఏం చెయ్యాలో తెలీదు, అంతే. కొద్ది నెలల్లో కాపురం గాడిన పడింది. 1778 డిసెంబర్‌లో మొదటి బిడ్డ పుట్టింది. ఆపరేషన్ జరిగినట్టు వైద్యుల రికార్డు ఏదీ లేదు. రాజుగారు రోజూ వేటకెళ్ళిన లెక్కలు తన డైరీలో రాసుకునేవాడు. కోత పడిన మనిషి మంచం మీద ఉండాల్సిన విరామం కూడా అందులో కనపడదని చరిత్రకారుల వాదన. అయినా ఏమైంది? 1932లో స్టెఫాన్ జ్వైగ్ రాసిన రాణీగారి జీవితచరిత్రతో ఆపరేషన్ కథ ప్రపంచమంతా పాకింది. ఇవాళ్టికీ చాలామంది అదే నమ్ముతారు.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, ముందు చర్మం చరిత్ర మొత్తం దీన్లో ఉంది. ఏది మామూలో తెలియనప్పుడు ప్రతిదీ జబ్బులాగే కనిపిస్తుంది. అడగటానికి సిగ్గు కాబట్టి ఆ తప్పు ఎన్నాళ్ళయినా దిద్దుబాటు కాదు. డాక్టర్లు కూడా ఈ తప్పు నుంచి బయటపడింది నిన్నగాక మొన్న, అంటే 1949 తర్వాత. ఆఫీసులో చదవటం ఇబ్బంది అనిపిస్తే ఇంటికెళ్ళి చదువుకోండి, కానీ చదవండి. నేను డాక్టర్ని కాదు. ఇది వైద్యసలహా కన్నా చరిత్ర అనుకోండి.

ఎడ్ల మూతికి చిక్కం

ముందు మాటల సంగతి తేల్చుకుందాం. పురుషాంగం చివర ఉండే గుండ్రటి భాగాన్ని మన పాత వైద్యగ్రంథాల్లో మణి అన్నారు. నేనూ ఆ మాటే వాడతాను. దాన్ని కప్పి ఉంచేదే ముందు చర్మం. దాని మూతి బిగుసుకుని వెనక్కి రాకపోతే ఫైమోసిస్ అంటారు. గ్రీకులో 'ఫీమోస్' అంటే పశువుల మూతికి కట్టే చిక్కం. మన పల్లెల్లో ఎడ్లు పైరు మెయ్యకుండా కడతారే, అదే. ఇక, వెనక్కి వెళ్ళిన చర్మం మళ్ళీ ముందుకి రాకుండా మణి వెనకాల ఉంగరంలా బిగుసుకుపోతే పేరాఫైమోసిస్. మణి ఎర్రగా వాచి, మంట పెడితే బాలనైటిస్. ఈ మూడూ గుర్తుంటే చాలు.

ఇప్పుడు మన సుశ్రుతుడి దగ్గరికి వద్దాం. "మనవాళ్ళు అన్నీ ముందే కనిపెట్టేశారు" బాపతు రాతలు నాకు పడవు. కానీ ఇక్కడ మాత్రం పుస్తకం తెరిచి చూస్తే నిజంగానే ముక్కున వేలేసుకోవాలి. క్రీస్తుకి ముందు చివరి శతాబ్దాలకీ, క్రీస్తు తర్వాత మొదటి శతాబ్దాలకీ మధ్య రూపు దిద్దుకున్న సుశ్రుత సంహితలో క్షుద్రరోగాలు అని ఒక అధ్యాయం ఉంది. క్షుద్రం అంటే చేతబడి కాదండోయ్, చిన్నాచితకా జబ్బులు అని. దాంట్లో ముందు చర్మానికి సంబంధించినవి మూడు వేరువేరుగా చెప్పాడు.

మొదటిది నిరుద్ధప్రకశం. చర్మం మణిని కప్పేసి తెరుచుకోదు, మూత్రం సన్నటి ధారగా నెమ్మదిగా వస్తుంది. మనం ఫైమోసిస్ అంటున్నది ఇదే. రెండోది పరివర్తిక. నలపటం వల్లో, నొక్కటం వల్లో, దెబ్బ వల్లో చర్మం వెనక్కి తిరగబడి, మణి కింద ముడిలా వేలాడుతూ నొప్పి, మంట పెడుతుంది. అంటే పేరాఫైమోసిస్. మూడోది అవపాటిక. బలవంతంగా వెనక్కి లాగటం వల్లో, సంభోగంలోనో చర్మం చిరగటం.

లక్షణాల కంటే వైద్యం ఇంకా బావుంటుంది. నిరుద్ధప్రకశానికి ఇనుముతోనో, చెక్కతోనో, లక్కతోనో చేసిన, రెండువైపులా తెరిచి ఉన్న గొట్టానికి నెయ్యి రాసి మూతిలోకి పంపమన్నాడు. మూడురోజులకోసారి ఇంకాస్త లావు గొట్టం. అంటే మెల్లమెల్లగా సాగదియ్యటం. లేదా మధ్యలో ఉండే కుట్టులాంటి గీతని తప్పించి కోసి, పచ్చిపుండుకి చేసే వైద్యమే చెయ్యమన్నాడు. పరివర్తికకి నెయ్యి రాసి, కాపడం పెట్టి, కొన్ని రాత్రులు కట్టు కట్టి, ఆ తర్వాత మణిని నొక్కుతూ చర్మాన్ని నెమ్మదిగా ముందుకి తెమ్మన్నాడు. ఇవాళ ఏ ఎమర్జెన్సీ వార్డులోనైనా పేరాఫైమోసిస్‌కి మొదట చేసేది అదే: మణిని నొక్కి వాపు దించి, చర్మాన్ని ముందుకి జార్చటం. అన్ని రాత్రులు ఆగటం మాత్రం ఇవాళ ఎవరూ చెయ్యరు, చెయ్యకూడదు. ఎందుకో తర్వాత చెప్తాను.

ఇంచుమించు అదే కాలంలో, మొదటి శతాబ్దపు రోములో సెల్సస్ తన వైద్యగ్రంథం ఏడో భాగంలో ఫైమోసిస్‌కి కోత చెప్పాడు. చర్మం అడుగువైపున అంచు నుంచి నిలువుగా ఒక గాటు, అది చాలకపోతే ముక్కోణంగా చిన్న ముక్క తీసెయ్యటం. మొత్తం చర్మం తీసెయ్యమని ఆయన కూడా అనలేదు.

ఒక్క సంగతి గమనించండి. వీళ్ళిద్దరూ వైద్యం చెప్పింది ఇబ్బంది ఉన్నవాడికి. మూత్రం సరిగ్గా రానివాడికి, చర్మం ఇరుక్కుపోయినవాడికి. ఇబ్బంది లేని చంటిపిల్లాణ్ణి పట్టుకుని నీకు ఫైమోసిస్ ఉందని చెప్పలేదు. ఆ పని పందొమ్మిదో శతాబ్దం చేసింది.

శాంపిల్ సైజు: ఒకటి

1870 ఫిబ్రవరి, న్యూయార్క్. లూయీస్ సేయర్ అనే ఎముకల డాక్టర్‌కి కబురొచ్చింది. ఒక ఐదేళ్ళ పిల్లాడు మోకాళ్ళు చాపలేకపోతున్నాడు, నిలబడలేడు, పక్షవాతమేమో చూడమని. సేయర్ ఆషామాషీ మనిషి కాదు. వెన్నెముక జబ్బుకి ప్లాస్టర్ జాకెట్ కట్టే పద్ధతితో పేరు తెచ్చుకున్నవాడు, తర్వాత 1880లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ అధ్యక్షుడైనవాడు. పిల్లాణ్ణి పరీక్ష చేస్తే ముందు చర్మం బిగుతుగా, ఒరిపిడితో ఎర్రగా కనిపించింది. అక్కడి చిరాకు నరాల ద్వారా కాళ్ళకి పాకి పక్షవాతం వచ్చిందని తీర్మానించి, క్లోరోఫాం ఇచ్చి సుంతీ చేశాడు. కొద్ది వారాల్లో పిల్లాడు నడిచాడట. అదే ఏడాది అసోసియేషన్ పత్రికలో వ్యాసం వచ్చింది.

ఇక చూస్కోండి. ఆ రోజుల్లో 'రిఫ్లెక్స్ న్యూరోసిస్' అని ఒక సిద్ధాంతం బాగా చలామణీలో ఉండేది. ఒంట్లో ఒకచోట చిరాకు పుడితే అది నరాల మీదుగా ఎక్కడికైనా పోయి ఏ జబ్బయినా తెప్పిస్తుందని. సేయర్ కేసు దానికి అచ్చుగుద్దినట్టు సరిపోయింది. మూర్ఛకి కారణం ఫైమోసిస్, పక్కతడపటానికి కారణం ఫైమోసిస్, ఉబ్బసానికీ, హెర్నియాకీ, చదువు రాకపోవటానికీ అదే కారణం. అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ని కాల్చి చంపిన గీటో అనే మనిషిని 1882లో ఉరితీశాక శవపరీక్ష చేస్తే ఫైమోసిస్ ఉందని రాశారు. అతని పిచ్చికి అదే కారణం అన్న డాక్టర్లు కూడా ఉన్నారు!

దీనికి హస్తప్రయోగం భయం తోడైంది. మనం పొద్దున్నే పాలల్లో వేసుకునే కార్న్‌ఫ్లేక్స్ వెనక ఉన్న జాన్ హార్వీ కెలాగ్ కూడా డాక్టరే. తన 'ప్లెయిన్ ఫ్యాక్ట్స్' పుస్తకంలో ఈ అలవాటున్న పిల్లలకి మత్తు ఇవ్వకుండా సుంతీ చెయ్యాలని, ఆ నొప్పి శిక్షలాగా పనిచేస్తుందని సలహా ఇచ్చాడు. 1891లో రెమొండినో అనే కాలిఫోర్నియా డాక్టర్ ముందు చర్మాన్ని అన్ని అనర్థాలకీ మూలంగా చిత్రిస్తూ పుస్తకమే రాసేశాడు.

వీళ్ళంతా మోసగాళ్ళా? కాదు. ఆ కాలానికి బాగా చదువుకున్న డాక్టర్లే. వాళ్ళ దగ్గర లేనిది ఒక్కటే, పోల్చి చూడటానికి బేస్‌లైన్. జబ్బుపడ్డ పిల్లల్ని చూశారు, వాళ్ళలో చాలామందికి ముందు చర్మం వెనక్కి రావట్లేదని గమనించారు. మరి జబ్బు లేని పిల్లల్లో ఎంతమందికి వస్తోంది? ఈ ప్రశ్న ఎవడూ అడగలేదు. పుట్టినప్పుడు చర్మం లోపలి పొరా, మణి పై పొరా ఒకదానికొకటి అతుక్కునే ఉంటాయి, గోరూ దాని కింది చర్మమూ అతుక్కుని ఉన్నట్టు. ఏళ్ళు గడిచేకొద్దీ వాటంతటవే విడిపోతాయి. అంటే దాదాపు ప్రతి చంటిపిల్లాడికీ వాళ్ళ లెక్క ప్రకారం 'ఫైమోసిస్' ఉన్నట్టే. ఏ జబ్బుతో ఎవణ్ణి తీసుకొచ్చినా కారణం సిద్ధంగా ఉంటుంది. ప్రతి టెస్టు కేసులోనూ ఫెయిలయ్యే టెస్టు దేన్నీ పట్టుకోదని మనకి వేరే చెప్పక్కర్లేదు కదా.

సిద్ధాంతం పోయినా అలవాటు పోలేదు. ఇరవయ్యో శతాబ్దంలో కాన్పులు ఆసుపత్రులకి మారాయి, మత్తుమందులు మెరుగయ్యాయి, శుభ్రత అనేది పెద్దింటి లక్షణం అయింది. అమెరికాలో పుట్టిన మగపిల్లలకి సుంతీ మామూలైపోయింది. ఇంగ్లండ్‌లో 1930ల్లో సుమారు మూడోవంతు మగపిల్లలకి చేసేవాళ్ళు, డబ్బున్న ఇళ్ళల్లో ఇంకా ఎక్కువ.

ఒకాయన లెక్కపెట్టాడు

1949 డిసెంబర్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో డగ్లస్ గేర్డ్‌నర్ అనే పిల్లల డాక్టర్ వ్యాసం వచ్చింది. పేరు 'ద ఫేట్ ఆఫ్ ద ఫోర్‌స్కిన్'. ఆయన చేసిన పని చాలా సాదాసీదా పని. అప్పుడే పుట్టిన 100 మందిని, ఐదేళ్ళ లోపు పిల్లలు 200 మందిని చూసి, ఏ వయసులో ఎంతమందికి చర్మం వెనక్కి వస్తోందో లెక్కపెట్టాడు.

పుట్టినప్పుడు 4 శాతం మందికి.
ఆర్నెల్లకి 20 శాతం.
ఏడాదికి 50 శాతం.
రెండేళ్ళకి 80 శాతం.
మూడేళ్ళకి 90 శాతం.

అంతే. ఇన్నాళ్ళూ జబ్బు అనుకున్నది పెరుగుదలలో ఒక దశ. బగ్గు కాదు, ఫీచరు. ఇంకా బట్టలు కట్టుకోవటం రాని వయసులో మల మూత్రాల మంట నుంచి మణిని కాపాడటమే ఆ చర్మం పని అన్నాడు. దాంతోపాటు ఒళ్ళు జలదరించే లెక్క ఇంకోటి ఇచ్చాడు. ఇంగ్లండ్, వేల్స్‌లలో సుంతీ ఆపరేషన్ వల్ల ఏడాదికి సుమారు 16 మంది చిన్నపిల్లలు చనిపోతున్నారని. లేని జబ్బుకి వైద్యం చేసి పదహారు ప్రాణాలు!

1948లోనే బ్రిటన్‌లో నేషనల్ హెల్త్ సర్వీస్ మొదలైంది. ప్రజల డబ్బుతో నడిచే వ్యవస్థ కాబట్టి "ఇది నిజంగా అవసరమా?" అనే ప్రశ్న ఎలాగూ వచ్చేది. గేర్డ్‌నర్ దానికి జవాబు అందించాడు. 1970లు వచ్చేసరికి బ్రిటన్‌లో సుంతీలు పది శాతం లోపుకి పడిపోయాయి. మతం కారణంగా చేయించుకునే యూదులు, ముస్లింల సంగతి వేరు. వాళ్ళు అప్పుడూ చేయించుకున్నారు, ఇప్పుడూ చేయించుకుంటున్నారు. మన దగ్గర ఒడుగులు అంటారే, అది జబ్బుకి వైద్యం అని ఎవరూ అనట్లేదు కాబట్టి ఈ చర్చలోకి అది రాదు.

సరిదిద్దినవాడి లెక్కనీ సరిదిద్దాలి

కథ ఇక్కడితో సుఖాంతం అయితే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. మన ఫీల్డులో రోజూ చూసేదే ఇక్కడా జరిగింది. గేర్డ్‌నర్ పరిశీలనగా చెప్పిన అంకెని జనం స్పెసిఫికేషన్‌గా మార్చేశారు. "మూడేళ్ళకి 90 శాతం మందికి వెనక్కి వస్తుంది" అన్న వాక్యం పాఠ్యపుస్తకాల్లోకెక్కి, "మూడేళ్ళు దాటినా రాకపోతే జబ్బే" అయిపోయింది. నాలుగేళ్ళ పిల్లాడికి రాలేదా, రాయి సర్జన్‌కి చీటీ.

1968లో డెన్మార్క్‌లో యాకబ్ ఓస్టర్ అనే డాక్టర్ బడిపిల్లల్ని ఏళ్ళ తరబడి మళ్ళీమళ్ళీ పరీక్ష చేసి తేల్చినదేంటంటే, ఈ పని పదిహేడేళ్ళ దాకా సాగుతూనే ఉంటుంది. 6-7 ఏళ్ళ పిల్లల్లో 63 శాతం మందికి ఎక్కడో ఒకచోట అతుకులు ఉన్నాయి. 16-17 ఏళ్ళకి అవి 3 శాతానికి దిగాయి. బిగుతు 8 శాతం నుంచి 1 శాతానికి వచ్చింది. ఎవరూ ఏమీ చెయ్యకుండానే. 1996లో జపాన్‌లో కయాబా బృందం 603 మంది పిల్లల్ని చూస్తే, పూర్తిగా వెనక్కి వచ్చేవాళ్ళు ఆర్నెల్ల వయసులో ఒక్కరూ లేరు, 11-15 ఏళ్ళ మధ్య కూడా 63 శాతమే. అంటే గేర్డ్‌నర్ దిశ సరిగ్గానే చెప్పాడు, గడువు మాత్రం మరీ తొందరగా పెట్టేశాడు.

మరి అసలు జబ్బు ఏది? దీన్ని తేల్చటంలో లివర్‌పూల్ పిల్లల సర్జన్ రిక్‌వుడ్ పాత్ర పెద్దది. ఆయన, సహచరులు 1980 నుంచి చెప్పుకొచ్చింది ఏంటంటే, "వెనక్కి వస్తుందా రాదా" అన్నది తప్పు ప్రశ్న. "మచ్చ కట్టిందా లేదా" అన్నది సరైన ప్రశ్న. మామూలు బిగుతు ఉన్న పిల్లాడి చర్మాన్ని మెల్లగా వెనక్కి అంటే మూతి మెత్తగా, పువ్వు మొగ్గలా విచ్చుకోబోతున్నట్టు ఉంటుంది. జబ్బు ఉన్నవాడికి తెల్లగా, గట్టిగా, మచ్చపడిన ఉంగరంలా ఉంటుంది. దీనికి ముఖ్య కారణం 1928లో స్టూమర్ అనే జర్మన్ చర్మవైద్యుడు పేరుపెట్టిన బాలనైటిస్ జెరోటికా ఆబ్లిటరాన్స్. ఇప్పుడు లైకెన్ స్క్లిరోసస్ అంటున్నారు. రిక్‌వుడ్ బృందం లెక్కలో పదిహేనేళ్ళ లోపు ఇలాంటి నిజమైన ఫైమోసిస్ వచ్చేది 0.6 శాతం మందికి. వెయ్యికి ఆరుగురు. ఆపరేషన్లు మాత్రం దానికి ఎన్నోరెట్లు జరుగుతున్నాయని 1989లో ఒకసారి, 2000లో మరోసారి ఎత్తిచూపారు.

ఆయింట్‌మెంట్ ట్యూబు

1990ల్లో ఇంకో మలుపు. 1993లో స్వీడన్ నుంచి వచ్చే ఒక చర్మవ్యాధుల పత్రికలో 54 మంది పిల్లల మీద చేసిన పరిశీలన వచ్చింది. క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ క్రీమ్ రాస్తే సుమారు 70 శాతం మందికి ఆపరేషన్ తప్పింది. తర్వాత బీటామెథసోన్ లాంటి క్రీములతో చాలా దేశాల్లో ప్రయత్నించారు. 2014లో కాక్రేన్ సంస్థ 12 పరీక్షల్ని, 1395 మంది పిల్లల్ని కలిపి చూసి, ఉత్తుత్తి క్రీమ్ కన్నా స్టెరాయిడ్ క్రీమ్ బాగా పనిచేస్తోందని తేల్చింది. పద్ధతి తేలిక. డాక్టర్ చెప్పిన మోతాదులో, బిగుతుగా ఉన్న ఉంగరం మీద మాత్రమే, రోజుకి ఒకటి రెండుసార్లు, నాలుగు నుంచి ఎనిమిది వారాలు. కాస్త మెత్తబడ్డాక నొప్పి లేనంతవరకే మెల్లగా వెనక్కి అనటం.

నెయ్యి రాసిన గొట్టం, మూడురోజులకోసారి కాస్త లావుది. గుర్తొచ్చిందా? సుశ్రుతుడికి స్టెరాయిడ్ తెలీదు, కానీ చర్మం తొందరపెడితే చిరుగుతుంది, ఓపిక పడితే సాగుతుంది అని తెలుసు. రెండువేల ఏళ్ళు తిరిగి అక్కడికే వచ్చాం. సెల్సస్, సేయర్‌ల కత్తి ఆఖరి అస్త్రంగా మిగిలింది. మచ్చ కట్టిన కేసుల్లో, మళ్ళీమళ్ళీ ఇన్ఫెక్షన్ వచ్చేవాళ్ళలో ఇప్పటికీ సుంతీయే సరైన వైద్యం, దాంట్లో అనుమానం లేదు.

సుంతీకి అసలు లాభాలే లేవని కూడా అనకూడదు. 2005-2007 మధ్య దక్షిణాఫ్రికా, కెన్యా, యుగాండాల్లో జరిగిన మూడు పెద్ద పరీక్షల్లో, ఆడవాళ్ళ నుంచి మగవాళ్ళకి హెచ్ఐవీ సోకే అవకాశం 60 శాతం దాకా తగ్గింది. అందుకే 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్ఐవీ బాగా ఎక్కువున్న ప్రాంతాలకి దాన్ని సిఫార్సు చేసింది. కానీ అది ఒక నివారణ పద్ధతి. నాలుగేళ్ళవాడికి లేని జబ్బు అంటగట్టటానికి అది కారణం కాదు.

ఇవాళ మనకి పనికొచ్చేది

చరిత్ర నుంచి జేబులో వేసుకెళ్ళాల్సినవి క్లుప్తంగా చెప్తాను.

చంటిపిల్లలు: వెనక్కి లాగకండి. కొన్ని ఇళ్ళల్లో నూనె రాసి స్నానం చేయించేటప్పుడు రోజూ వెనక్కి లాగే అలవాటుంది. మంచి ఉద్దేశంతోనే చేస్తారు. కానీ బలవంతపెడితే చిరిగి, ఆ గాయం మచ్చకట్టి లేని ఫైమోసిస్ తెచ్చిపెట్టొచ్చు. అవపాటిక సంగతి అమ్మమ్మకి మెల్లగా చెప్పండి. పైన కడిగితే చాలు. మూత్రం పోసేటప్పుడు చర్మం కాస్త బుడగలా ఉబ్బి, ధార బాగానే వస్తూ ఉంటే సాధారణంగా కంగారు అక్కర్లేదు. చర్మం కింద తెల్లటి ముత్యంలాంటి గడ్డ కనిపిస్తే చాలాసార్లు అది పోగుపడిన మృతకణాలే, చీము కాదు. ఎర్రబడి వాచినా, జ్వరం వచ్చినా, మూత్రానికి ఏడ్చినా, ధార బొట్లుబొట్లుగా పడుతున్నా డాక్టర్‌కి చూపించాలి.

పేరాఫైమోసిస్: ఇది ఎమర్జెన్సీ. వెనక్కెళ్ళిన చర్మం ముందుకి రాకపోతే, గంటలు గడిచేకొద్దీ వాపు పెరిగి మణికి రక్తం అందకుండా పోతుంది. సుశ్రుతుడి కట్టు కోసం ఎదురుచూడకుండా అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్ళాలి. అక్కడ చేత్తో నొక్కి, వాపు దించి సరిచేస్తారు. వాపులోని నీరు లాగటానికి పంచదార పూసే పద్ధతి కూడా వైద్యపత్రికల్లో వచ్చింది. ఇంకో ముఖ్యమైన సంగతి. ఇంట్లో పెద్దవాళ్ళకి మూత్రం గొట్టం వేసినప్పుడు చర్మాన్ని వెనక్కి లాగి, తిరిగి ముందుకి వెయ్యటం మర్చిపోవటం వల్ల ఇది వస్తుంటుంది. నాన్నగారు ఆసుపత్రిలో ఉంటే ఈ ఒక్కటీ నర్సుని అడగండి.

పెద్దవాళ్ళలో బాలనైటిస్: అప్పటిదాకా ఏ ఇబ్బందీ లేని మనిషికి ముప్ఫైల్లోనో నలభైల్లోనో మళ్ళీమళ్ళీ ఎర్రబడి, దురద పెట్టి, చర్మం అంచుల్లో పగుళ్ళు వస్తుంటే ముందు షుగర్ పరీక్ష చేయించుకోవాలి. మూత్రంలో పోయే చక్కెర మీద ఫంగస్ పెరుగుతుంది. మధుమేహం బయటపడే మొదటి గుర్తు ఇదే అయిన సందర్భాలు తక్కువేం కాదు. కుర్చీల్లో కూర్చుని బతికే మన జాతికి ఇది మరీ ముఖ్యం. ఇప్పటికే షుగర్ ఉండి, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడుతుంటే అవి చక్కెరని మూత్రంలోకే పంపుతాయి కాబట్టి ఇది వచ్చే అవకాశం ఇంకా ఎక్కువ. మందు మీరే ఆపెయ్యకుండా రాసిన డాక్టర్‌కి చెప్పండి.

తెల్లమచ్చ, గట్టిదనం, మానని పుండు, గడ్డ: ఏ వయసులోనైనా వీటిని వాయిదా వెయ్యకూడదు. లైకెన్ స్క్లిరోసస్ మూత్రద్వారం దాకా పాకి ధారని సన్నబరుస్తుంది. అరుదుగానైనా క్యాన్సర్ కూడా ఇక్కడే మొదలవుతుంది. వెనక్కి రాని చర్మం కింద అది దాక్కుని ఆలస్యంగా బయటపడుతుంది.

రెండు చోట్ల రెండు తప్పులు

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఈ చరిత్ర కాన్పు వార్డులో ఎదురవుతుంది. మగబిడ్డ పుట్టగానే సుంతీ చేయించమంటారా అని అడుగుతారు. అక్కడి పిల్లల వైద్యుల సంఘమే 1971లో దీనికి సరైన వైద్యకారణం లేదంది, 2012లో లాభాలు నష్టాలకన్నా ఎక్కువే కానీ అందరికీ సిఫార్సు చేసేంత కాదంది. ఆసుపత్రిలో పుట్టినవాళ్ళలో చేయించుకున్నవాళ్ళు 1979లో 64.5 శాతం ఉంటే 2010కి 58.3 శాతానికి దిగారు. అంటే ఎటూ తేలని విషయం, తల్లిదండ్రుల ఇష్టం. నిద్రలేని కళ్ళతో ఆ కాగితం చేతిలోకి వచ్చినప్పుడు ఆలోచించుకోవటం కన్నా ముందే ఆలోచించుకోవటం మేలు. చేయించకూడదు అనుకుంటే, తర్వాత చెకప్పుల్లో చర్మాన్ని బలవంతంగా వెనక్కి లాగొద్దని కూడా మర్యాదగా చెప్పొచ్చు.

మన ఊళ్ళల్లో తప్పు ఇంకోరకం. ఇక్కడ ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. బస్టాండు గోడల మీద గుప్తరోగాల ప్రకటనలు, నెలకోసారి ఫలానా లాడ్జిలో దొరికే స్పెషలిస్టులు, వీళ్ళే చెప్తారు. పెళ్ళి కుదిరాక చర్మం బిగుతుగా ఉందని కంగారుపడే కుర్రాడు యూరాలజిస్టు దగ్గరికి వెళ్తే చాలాసార్లు ఒక క్రీమ్ ట్యూబుతో, మహా అయితే చిన్న ఆపరేషన్‌తో పోయేదానికి, లాడ్జిలో వేలు పోసి భయాన్ని ఇంటికి తెచ్చుకుంటాడు. ఏడేళ్ళు నలిగిన లూయీకి కనీసం నిజం మాట్లాడే బావమరిది ఒకడు దొరికాడు. మనవాళ్ళకి ఆ బావమరిది కూడా దొరకట్లేదు. స్నేహితుల్లో ఒకళ్ళకి చెప్పినా మేలే.

డాక్టర్ ఎవరైనా మీకో, మీ అబ్బాయికో ఫైమోసిస్ అని చెప్తే ఒక్క ప్రశ్న అడగండి: "ఇది మామూలు బిగుతా, మచ్చకట్టిన బిగుతా?" మంచి డాక్టర్ ఆ ప్రశ్నకి చిరాకుపడడు, చూపించి మరీ చెప్తాడు. మామూలు బిగుతే అయితే ఆపరేషన్ తేదీ పెట్టుకునే ముందు క్రీమ్ సంగతి కూడా అడగండి. ఆ రెండు ప్రశ్నలు అడగగలిగే స్థితికి రావటానికి వైద్యశాస్త్రానికి సేయర్ నుంచి రిక్‌వుడ్ దాకా 110 ఏళ్ళు పట్టింది. మనకి ఒక అరనిమిషం చాలు.